కాగితాలక్క రాసిపెట్టిన జవాబులు

ఆస్పత్రి వెనకవైపు, జనరేటరు గది దాటాక, ఎప్పుడూ తడిగా ఉండే మెట్లు కిందికి దిగుతాయి. అక్కడ లాండ్రీ. పైన ఆరంతస్తుల్లో పడుకున్న రోగుల దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల తెల్లకోట్లు, ఆపరేషన్ గది ఆకుపచ్చ గుడ్డలు అన్నీ ఇక్కడికే వచ్చి, ఉడికి, ఆరి, ఇస్త్రీ అయి మళ్ళీ పైకి పోతాయి. ఆ ఆవిరి మధ్య ఒక మూల అద్దాల గదిలో ఇరవయ్యారేళ్ళుగా ఒకావిడ కూర్చుని ఉంది. తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టిన పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. అందరూ కాగితాలక్క అంటారు. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు, అవసరం అలాంటిది.

పేరుకు గుమస్తా. హాజరు వేయడం, ఏ వార్డుకు ఏ మూట పోయిందో రాసుకోవడం ఎవరైనా చేయగలిగే పనులే. ఆవిడ గొప్పతనమంతా మెమోల దగ్గర తెలిసేది. పొద్దున పదకొండింటికి సూపరింటెండెంటుగారు పిలిచి, కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని చెప్పేవారు. "విధి నిర్వహణలో అజాగ్రత్త వహించినందున మీపై తగు చర్య ఎందుకు తీసుకోరాదో మూడు దినములలోగా తెలియజేయవలసినది." ఆవిడ టైపు కొట్టి, సంతకం చేయించి, ఆ మనిషికి పంపించేది. ఒంటిగంటకు భోజనాల వేళ ఆ మనిషే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పట్టుకొచ్చి ఆవిడ ముందే నిలబడేవాడు.

"అక్కా, ఏదో వచ్చింది. కాస్త చూసిపెట్టవా?"

కాగితాలక్క కళ్ళజోడు పెట్టుకుని, రెండు గంటల కిందట తనే కొట్టిన కాగితాన్ని ఇప్పుడే చూస్తున్నట్టు మొదట్నుంచీ చివరిదాకా చదివేది. "ఊఁ, కొంచెం గట్టిగానే ఇచ్చారు" అనేది. తర్వాత డ్రాయరులోంచి తెల్లకాగితం తీసి జవాబు రాసిపెట్టేది. మర్నాడు ఆ జవాబు తిరిగి ఆవిడ బల్ల మీదికే వచ్చేది. దాని మీద 'అందినది' అని ముద్ర కొట్టి ఫైల్లో పెట్టేదీ ఆవిడే. నిందా తనే రాసి, క్షమాపణా తనే రాసి, రెండింటినీ ఒకే దారానికి గుచ్చే ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందో లేదో తెలియదు గానీ, ఆ లాండ్రీలో మాత్రం దాన్ని వింతగా చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఉతికేవాళ్ళు ఉతుకుతారు, రాసేవాళ్ళు రాస్తారు, అంతేగా అనుకునేవాళ్ళు.

రాసేముందు "అసలేం జరిగింది?" అని తప్పకుండా అడిగేది. చెప్పిందంతా ఓపిగ్గా వినేది. విని, అందులో ఒక్క ముక్క కూడా కాగితం మీద పెట్టేది కాదు. ఆ తెలివి ఆవిడకు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఉతికే యంత్రాల దగ్గర ఒక పెద్దాయన ఉండేవాడు. యంత్రం ఆగిపోయినందుకు ఆయనకు మెమో వచ్చింది. "బెల్టు అరిగిపోయిందని మూడుసార్లు చెప్పానమ్మా, ఎవరూ వినలేదు, అదే రాయి" అన్నాడు. కొత్త ఉద్యోగం, చేతినిండా ఉత్సాహం. ఆయన చెప్పింది చెప్పినట్టు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిచ్చింది. అప్పటి సూపరింటెండెంటు 'ఎవరూ వినలేదు' అన్నచోట ఎర్రసిరాతో గీత గీశాడు. పై అధికారుల పట్ల అమర్యాద అని రెండో మెమో ఇచ్చారు. దాన్నీ ఆవిడే టైపు కొట్టింది. నెల తిరక్కుండా పెద్దాయన ఉద్యోగం పోయింది. పోతూ పోతూ ఆవిడను ఒక్క మాట కూడా అనలేదు. అద్దాల గది తలుపు దగ్గర ఆగి, "అక్షరాలు బాగున్నాయమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆ మాట ఆవిడను చాలా ఏళ్ళు నిద్రపోనివ్వలేదు.

ఆ తర్వాత ఆవిడ ఒక వాక్యం తయారుచేసుకుంది. "నా అజాగ్రత్త వల్ల జరిగిన ఈ పొరపాటుకు మనఃపూర్వకంగా చింతిస్తూ, ఇకముందు ఇటువంటిది జరగకుండా చూసుకుంటానని విన్నవించుకుంటున్నాను." ఎవరికైనా అదే. చెయ్యి కాలినా అదే, దుప్పటి చిరిగినా అదే. ఆ వాక్యం పడిందంటే పైనుంచి "హెచ్చరికతో సరిపెట్టడమైనది" అని వచ్చేది. మనిషి ఉద్యోగం నిలిచేది. ఇన్నేళ్ళలో ఆ వాక్యం ఎన్ని పొయ్యిలు ఆరిపోకుండా కాపాడిందో ఆవిడకు బాగా తెలుసు. పైకి చెప్పుకునేది కాదు గానీ, లోపల మాత్రం కొంచెం గర్వంగానే ఉండేది.

ఇప్పటి సూపరింటెండెంటు ఐదో ఆయన. మెత్తటి మనిషి. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. అందరినీ అమ్మా, నాయనా అనే పిలుస్తారు. ఆయన నోట ఆజ్ఞ అనేది రాదు. "ఎలాగోలా సర్దుకోండి", "మీకు నేను చెప్పాలా", "పని ఆగకూడదు కదమ్మా, చూసుకోండి మరి" అంటారు. ఏం చూసుకోవాలో అందరికీ తెలుసు. ఏదైనా తేడా వస్తే మాత్రం ఆయన అన్నది ఏమిటో ఎవరూ వేలు పెట్టి చూపించలేరు. అక్కడ చేయమన్న మాటలన్నీ గాల్లో ఉండేవి, చేసిన తప్పులన్నీ కాగితం మీద ఉండేవి. ఈ సంగతి కాగితాలక్కకు తెలియక కాదు. రోజూ ముక్కు కింద ఉన్నదాన్ని పట్టించుకోవడం మానేసింది, అంతే.

పెద్ద ఇస్త్రీ రోలరు సంగతీ అలాంటిదే. మనిషి నడుమంత ఎత్తున, సెగలు కక్కే రెండు దుంగల్లాంటి రోలర్లు. వాటి ముందు అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. వేళ్ళు పొరపాటున లోపలికి పోబోతే కడ్డీ పైకి లేచి యంత్రం ఆగిపోతుంది. కష్టమల్లా ఏమిటంటే, మందపాటి దుప్పటి పెట్టినా ఆ కడ్డీ లేస్తుంది. పూటకు ఇరవైసార్లు యంత్రం ఆగేది. పై వార్డుల నుంచి దుప్పట్లు రాలేదని ఫోన్లు. సూపరింటెండెంటుగారు కిందికి దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఎలాగోలా పని నడవాలమ్మా" అని వెళ్ళిపోయేవారు. అలా ఎప్పుడో, ఎవరో, చిరిగిన దుప్పటి పేలికతో ఆ కడ్డీని కిందికి కట్టేశారు. పేలిక పాడైతే కొత్తది కట్టేవాళ్ళు.

ఆ రోలరు దగ్గర పనిచేసే పిల్లను అందరూ రేడియో అనేవాళ్ళు. ముప్పై రెండేళ్ళుంటాయి. నోరు మూతపడదు. యంత్రాల రొదలో కూడా ఆవిడ కబుర్లు నాలుగు బల్లల అవతలికి వినిపించేవి. సూపరింటెండెంటుగారి నడక అనుకరించి చూపిస్తే అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. తల్లీ, ఏడో తరగతి చదివే కూతురూ ఆవిడ జీతం మీదే బతుకుతున్నారు. ఒక మంగళవారం పొద్దున, దుప్పటి అంచు మడతపడితే సరిచేయబోయింది. అంచుతోపాటు కుడిచెయ్యి లోపలికి పోయింది. ఎవరో పరిగెత్తి స్విచ్చి ఆపేసరికి మూడు వేళ్ళూ అరచేయీ ఉడికిపోయాయి. పైకి మోసుకుపోయి, ముందురోజు ఆవిడ ఇస్త్రీ చేసి పంపిన దుప్పటి మీదే పడుకోబెట్టారు.

సూపరింటెండెంటుగారు పళ్ళు పట్టుకుని వెళ్ళి చూసివచ్చారు. కళ్ళలో నీళ్ళు కూడా పెట్టుకున్నారట. మర్నాడు పదకొండింటికి కాగితాలక్కను పిలిచారు.

"మామూలు మెమోనేనమ్మా. ఇవ్వకపోతే రేపు నన్నడుగుతారు. మీరూ మామూలుగానే జవాబు రాయించండి, హెచ్చరికతో పోతుంది. పాపం, మనమ్మాయే కదా."

కాగితాలక్క మెమో కొట్టింది. ఈసారి ఆ మనిషి కిందికి రాలేదు కాబట్టి, జవాబు కాగితం తీసుకుని తనే పైకి వెళ్ళింది. రేడియో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు.

"అక్కా, కడ్డీ కట్టేసి ఉందని రాయి" అంది లేస్తూనే.

"ఎవరు కట్టారే?"

"నేనే. సోమవారం పాత పేలిక తెగిపోతే కొత్తది కట్టా."

"కట్టమన్నదెవరు?"

"కట్టమని ఎవరంటారక్కా? పని నడవాలమ్మా అన్నారు. అంటే ఏంటి మరి? కట్టమనే కదా?"

"ఆ మాట రాస్తే, నువ్వే కట్టానని ఒప్పుకున్నట్టవుతుంది. కావాలని కట్టావంటారు. అది అజాగ్రత్త కన్నా పెద్ద తప్పు. నా మాట విను. ఎప్పుడూ రాసేదే రాస్తాను. నెలరోజుల్లో మళ్ళీ పనిలో ఉంటావు."

రేడియో చాలాసేపు తన కట్టువైపు చూసుకుంది. "సరే, నీకు తెలీనిదేముంది" అంది. రాసింది చదివి వినిపించమంది. విని, "నా తప్పు భలే అందంగా ఉందక్కా" అని నవ్వింది. కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి సంతకం కుదరలేదు. పదో తరగతి పాసైన ఆ పిల్ల ఎడమ బొటనవేలు సిరా పెట్టెలో అద్ది ముద్ర వేసింది. వేలికి అంటిన సిరాను కాగితాలక్కే తన కొంగుతో తుడిచింది.

మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. కానీ వేళ్ళు పనికిరాకుండా పోయిన ప్రమాదం గనక కాలిన గాయాల వార్డు నుంచి కార్మిక శాఖకు కాగితం వెళ్ళింది. పదిరోజులకు ఒక ఇన్‌స్పెక్టరమ్మ దిగింది. చెడ్డమనిషేం కాదు. రోలరు చూసింది. అప్పటికి కడ్డీకి పేలిక లేదు, కడ్డీ కొత్త రంగుతో మెరిసిపోతోంది. పాత ఫైళ్ళు అడిగింది. కాగితాలక్క మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. ఇన్‌స్పెక్టరమ్మ మధ్యాహ్నమంతా కూర్చుని తిరగేసింది.

"ఈ ఒక్క రోలరు దగ్గరే నలభై ఒక్కమందికి చేతులు కాలాయి" అంది చివరికి. "నలభై ఒక్కమందీ తమ అజాగ్రత్తేనని రాసిచ్చారు. యంత్రం బాగాలేదని ఒక్క కాగితం కూడా లేదు. అన్నీ ఒకే చేతిరాత ఏమిటి?"

"రాయడం రానివాళ్ళు కదండీ" అన్నారు సూపరింటెండెంటుగారు. "మా గుమస్తాగారు దయతో సాయం చేస్తుంటారు. కింద సంతకాలు మాత్రం వాళ్ళవే."

ఇన్‌స్పెక్టరమ్మ తల ఊపి ఏదో రాసుకుంది. ఆవిడ వెళ్ళాక సూపరింటెండెంటుగారు అద్దాల గదిలోకి వచ్చారు. ఎప్పుడూ రాని మనిషి. "మీ ఫైలే మమ్మల్ని కాపాడిందమ్మా" అన్నారు. "ఇంత పద్ధతిగా ఎవరు పెడతారు? అయితే ఈసారి హెచ్చరికతో పోయేలా లేదు. ఇంత అజాగ్రత్త మనిషిని యంత్రాల దగ్గర ఉంచుకోవడం ఆస్పత్రికి మంచిది కాదంటున్నారు పైన. ఎల్లుండి విచారణ. మీరే మినిట్స్ రాయాలి."

ఆయన వెళ్ళాక ఆవిడ చాలాసేపు చేతిలో ముద్ర పట్టుకుని అలాగే కూర్చుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు. భర్త బస్సు డ్రైవరుగా చేసి రిటైరయినవాడు. సంగతంతా విన్నాడు.

"నువ్వు రాయకపోతే వాళ్ళంతా ఎప్పుడో ఇంటికి పోయేవాళ్ళోయ్" అన్నాడు. "ఉద్యోగాలు నిలబెట్టావు. దానికి బాధెందుకు?"

"అదేనండీ బాధ. వాళ్ళ ఉద్యోగాలు నిలబెట్టింది నేనే, ఆ పేలికను నిలబెట్టిందీ నేనే. ఒక్కళ్ళయినా యంత్రం పాడైందని రాసుంటే, రెండో వాళ్ళకి కాలేది కాదేమో. రాయనివ్వలేదు నేను. నలభైమందిని వరసగా దాని ముందు నిలబెట్టాను."

"ఎల్లుండి ఆ మాటే చెప్పు మరి" అని, అంతలోనే, "చెబితే నీ పింఛనుకు ఏమన్నా అడ్డం పడుతుందా?" అన్నాడు. ఆవిడ రిటైరవడానికి పదకొండు నెలలుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆవిడ గిన్నెలు కడిగి పడుకుంది. అలసట ఒంట్లో కాదు, ఇంకెక్కడో ఉంది, పడుకుంటే పోయేది కాదు.

విచారణ సూపరింటెండెంటుగారి గదిలోనే జరిగింది. ఆయన, ఇన్‌స్పెక్టరమ్మ, పై ఆఫీసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి. బల్ల చివర కాగితాలక్క, మినిట్స్ పుస్తకంతో. ఎదురుగా నిలబడి ఉన్న రేడియో ఆ రోజు పలకలేదు. కూర్చోమని అడిగినవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు.

"ఈ జవాబు నువ్విచ్చిందేనా?" అని అడిగాడు పెద్దమనిషి. "ఈ వేలిముద్ర నీదేనా?"

రేడియో కాగితాలక్కవైపు చూడలేదు. చూస్తే ఆవిడకు ఇబ్బందవుతుందనుకుందేమో. "నాదేనండీ" అంది.

"మరి ఇంకేం విచారించాలి?"

కాగితాలక్క కలం కింద పెట్టింది. ఇరవయ్యారేళ్ళలో ఆ గదిలో అడిగితే తప్ప మాట్లాడని మనిషి.

"అయ్యా, ఆ మాటలు ఆ పిల్లవి కావండీ. నావి. ఇదొక్కటే కాదు, ఆ ఫైల్లో ఉన్నవన్నీ నావే. వాళ్ళు ఒకటి చెప్పేవాళ్ళు, నేను ఒకటి రాసేదాన్ని. కడ్డీ కట్టేసి ఉందని ఈ పిల్ల చెప్పింది. నేనే రాయలేదు. పని నడవాలని ఒత్తిడి పెడితే కట్టుకునేవాళ్ళండీ. నేను ఆ అద్దాల గదిలోంచి రోజూ చూసేదాన్ని."

ముందుగా తేరుకున్నది సూపరింటెండెంటుగారే. కోపం లేదు. మొహంలో బోలెడంత దయ.

"అమ్మా, మీ మనసు మాకు తెలుసు. బాగా అలసిపోయారు. కొంచెం మంచినీళ్ళు తాగండి."

"ఒత్తిడి పెట్టిందెవరు? ఏమని చెప్పారు?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ. నిజంగానే అడిగింది.

"పని నడవాలమ్మా అనేవారండీ. ఎలాగోలా సర్దుకోమనేవారు."

పైకి చెప్పేసరికి ఆ మాటలు ఎంత అమాయకంగా ఉన్నాయో కాగితాలక్కకే వినిపించింది. పెద్దమనిషి చిన్నగా నవ్వాడు. "మా ఇంట్లోనూ అంటామండీ ఆ మాట" అన్నాడు. ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు. కానీ ఫైలు మీద చెయ్యి వేసి, "మీరు రాసినా సంతకాలు వాళ్ళవి. చదివి వినిపించాకే చేశారు కదా? నలభై ఒక్క కాగితాల ముందు ఒక నోటిమాట నిలబడదండీ" అంది. ఆ అనడంలో విసుగుంది, ఆ విసుగు ఎవరి మీదో ఆవిడకే తెలిసినట్టు లేదు.

కాగితాలక్క తను అన్నదంతా, పొల్లు పోకుండా, మినిట్స్‌లో రాసింది. పుస్తకం పై ఆఫీసుకు వెళ్ళింది. మూడోరోజు శుభ్రంగా టైపు అయి తిరిగివచ్చింది. అక్కడ కొట్టించారు, ఆవిడకు శ్రమ ఇవ్వలేదు. ఆవిడ మాట్లాడినచోట ఒకే ఒక్క వాక్యం ఉంది. "గుమస్తా సదరు కార్మికురాలి పట్ల తన సానుభూతిని వ్యక్తపరిచారు." దాని కింద రేడియోను తొలగిస్తూ ఉత్తరువు. కాగితాలక్క మీద చర్య ఏమీ లేదు. మెమో కూడా ఇవ్వలేదు. ఇచ్చినా బాగుండేది, తను మాట్లాడినట్టు ఒక ఆధారమైనా మిగిలేది. ఆవిడ ఆ కాగితాన్ని నాలుగుసార్లు చదివింది. అందులో అబద్ధం అని పట్టుకోవడానికి ఒక్క ముక్క దొరకలేదు. కళ్ళజోడు తీసి చాలాసేపు కళ్ళు నులుముకుంది.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున రేడియో ఆవిడ ఇంటికి వచ్చింది. కాగితాలక్క తలుపు తీసి, మొహం చెల్లక అలాగే నిలబడిపోయింది. రేడియోనే లోపలికి వచ్చి కూర్చుంది. కుడిచేతి మూడు వేళ్ళూ దగ్గరికి అతుక్కుని, నున్నగా, గులాబిరంగులో ఉన్నాయి.

"ఒక హోటల్లో మడతపెట్టే పని ఉందంటక్కా. ఫారం ఇచ్చారు. కాస్త నింపిపెట్టవా?"

"నా చేత రాయిస్తావా ఇంకా?"

"నీకన్నా బాగా రాసేవాళ్ళెవరున్నారు నాకు?"

ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఆవిడ వెతికింది. లేదు. ఉండి ఉంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేది. ఫారం తీసుకుని పేరు, ఊరు, వయసు, చదువు నింపింది. తర్వాతి గడి దగ్గర ఆగింది. 'గత ఉద్యోగం మానివేయుటకు కారణం.' ఈసారి ఎవరినీ ఏమీ అడగలేదు. గడి చిన్నదైనా, అక్షరాలు కుదించి రాసింది. "రోలరుకు ఉండవలసిన రక్షణ కడ్డీని పనికోసం కట్టివేయించడం వల్ల నా చెయ్యి కాలింది. ఆ నెపం నామీదే వేసి తీసివేశారు." రాసి, గట్టిగా చదివి వినిపించింది. చదువుతుంటే ఎన్నో ఏళ్ళ తర్వాత గుండెలో కాస్త చోటు దొరికినట్టనిపించింది.

రేడియో మొహం పాలిపోయింది.

"అయ్యో అక్కా, అలా రాశావేంటి? అది చదివితే ఎవరిస్తారు పని? గొడవల మనిషని గేటు బయటే ఆపేస్తారు."

"నిజం కదే అది."

"నిజమే, కాదన్నానా? నాకు పని కావాలక్కా. పిల్ల స్కూలు ఫీజుంది, అమ్మ మందులున్నాయి." బతిమాలుతున్నట్టు ముందుకు వంగింది. "ఇంకో ఫారం కూడా తెచ్చాన్లే, తప్పులు పోతే ఉంటుందని. నీకు తెలుసుగా ఏం రాస్తే ఇస్తారో. అది రాయి."

సంచిలోంచి రెండో ఫారం తీసి, మడతలు సవరించి, బల్ల మీద పెట్టింది. కాగితాలక్క మొదటిదాన్ని పక్కకు తీసింది. మళ్ళీ పేరు, ఊరు, వయసు, చదువు. ఆ గడి దగ్గరికి వచ్చేసరికి కలం ఎక్కడా ఆగలేదు, చెయ్యి దానంతటదే పోయింది. "సొంత కారణాల వల్ల" అని రాసింది.

"చదువక్కా" అంది రేడియో.

చదివింది.

"అమ్మయ్య" అని రేడియో కలం అందుకుంది. ఎడమచేత్తో సంతకం చేయడం ఈ రెండు నెలల్లో నేర్చుకుందట. నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం గీసుకుంటూ, ఆ మాటల కింద తన పేరు రాసింది.